తలుపు మూసుకోకపోతే

హైదరాబాద్‌లోని నాగోల్‌లో బయల్దేరిన మెట్రో రైలు ఎంత వేగం అందుకోవాలో, ఎక్కడ బ్రేకు వేయాలో, ప్లాట్‌ఫారంపై సరిగ్గా ఎక్కడ ఆగాలో మామూలుగా కంప్యూటరే చూసుకుంటుంది. మియాపూర్–నాగోల్ మార్గం 2017 నవంబరు 28న ప్రారంభమైంది. అప్పటి నుంచీ నడుస్తున్నది రేడియో సంకేతాల మీద ఆధారపడిన సీబీటీసీ పద్ధతే. క్యాబిన్‌లోని ట్రైన్ ఆపరేటర్ తలుపులు మూసి, ప్లాట్‌ఫారం చూసుకుని, బయల్దేరే బటన్ నొక్కితే చాలు.

ఒక తలుపు మూసుకోలేదనుకుందాం. రైలు కదలదు. అది ఏ పెట్టెలో ఏ తలుపో తెరమీద చూడాలి. ఉప్పల్ డిపోలోని నియంత్రణ కేంద్రానికి చెప్పాలి. సందులో బ్యాగో చెయ్యో ఇరుక్కుందేమో చూసి మళ్లీ మూయాలి. అయినా కుదరకపోతే ఆ తలుపును తాళంచెవితో మిగతా తలుపుల వ్యవస్థ నుంచి వేరుచేసి, నిజంగా బిగిసిందో లేదో చేత్తో లాగి చూసి, అనుమతి తీసుకుని కదలాలి. ఇందులో ఏ మెట్టు తప్పినా ప్రమాదమే. వెనక రైళ్లు ఆగి ఉంటాయి, ప్రయాణికులు అరుస్తుంటారు.

ఇలాంటి పని పుస్తకం చదివితే రాదు. నైపుణ్యం మూడు దశల్లో వస్తుందని 1967లో మనస్తత్వవేత్తలు ఫిట్స్, పోస్నర్ వివరించారు. మొదట మెట్లను మనసులో చెప్పుకుంటూ చేస్తాం. తర్వాత తప్పులు తగ్గి మెట్లు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. చివరికి ఆలోచించకుండానే చెయ్యి కదులుతుంది. రైలు నడపడాన్ని తెరమీద అనుకరించే సిమ్యులేటర్ బలమంతా ఇక్కడే ఉంది. నిజం రైల్లో కావాలని తలుపు చెడగొట్టి జనాన్ని నిలబెట్టలేం, తెరమీద మాత్రం ఎన్నిసార్లయినా చెడగొట్టవచ్చు.

అయితే వీడియో చూపించి ఆపేస్తే అది పాఠం కాదు. ముందు మొత్తం పని చూపాలి. తర్వాత సూచనలిస్తూ చేయించాలి, క్రమంగా ఆ సూచనలు తీసేయాలి. తప్పు చేస్తే వెంటనే గంట మోగించడం కన్నా, దాని ఫలితం కళ్లబడనిచ్చి ఆ తర్వాత ఎందుకో వివరించడం చాలాసార్లు మేలు. తాళంచెవి బరువు, కిక్కిరిసిన పెట్టెలో దారి చేసుకుని వెళ్లడం తెరమీద తెలియవు కాబట్టి, ఆ సాధన డిపోలో ఆగిన రైల్లోనే జరగాలి.

యంత్రం ఎంత బాగా పనిచేస్తే మనిషికి సాధన అంత తగ్గుతుందని మనస్తత్వవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించింది. రోజూ సాఫీగా నడిచే రైలు ఈ తలుపు పాఠాన్ని నేర్పదు, నేర్చుకున్నదాన్ని నిలబెట్టదు. అందుకే సిమ్యులేటర్ శిక్షణను ఉద్యోగంలో చేరిన కొత్తలో ముగించే తంతుగా చూడకూడదు. దాన్ని డ్యూటీ పట్టికలో ఎప్పటికప్పుడు వచ్చే పనిగా చేర్చాలి, ఆ గంటలకు జీతం ఇవ్వాలి.