ఆ ఏడుపు భయమా, కోపమా?

పెట్టె మూత ఠక్కున తెరుచుకుని లోపలి స్ప్రింగు బొమ్మ పైకి లేచింది. తొమ్మిది నెలల పసిబిడ్డ ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఏడుపందుకుంది. జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే అమెరికన్ పరిశోధకులు ఈ వీడియోను కాలేజీ విద్యార్థులకు చూపించారు. కొందరికి మగపిల్లాడని చెప్పారు, కొందరికి ఆడపిల్లని. మగపిల్లాడనుకున్నవాళ్లకు ఆ ఏడుపులో కోపం ఎక్కువగా కనిపించింది, ఆడపిల్ల అనుకున్నవాళ్లకు భయం. బిడ్డా అదే, వీడియో కూడా అదే. 1976లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

వాళ్లంటే బయటివాళ్లు, కన్నతల్లి పొరబడుతుందా అనిపించవచ్చు. కారెన్ అడాల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం పదకొండు నెలల పిల్లల తల్లులనే పిలిచింది. వాలు పెంచడానికీ తగ్గించడానికీ వీలున్న ఒక చెక్కబల్లను చూపించి, "మీ బిడ్డ ఎంత వాలు దాకా పాకుతూ దిగగలదో అక్కడికి సర్దండి" అన్నారు. ఆడపిల్లల తల్లులు తక్కువ అంచనా వేశారు, మగపిల్లల తల్లులు ఎక్కువ. తీరా పిల్లల్ని బల్లమీద వదిలితే పాకడంలోనూ, తెగింపులోనూ ఇద్దరికీ తేడా లేదు. 2000లో వెలువడిన ఈ అధ్యయనం నాకు మొదటిదానికన్నా ముఖ్యమనిపిస్తుంది. కింద పడుతుందేమోనని తల్లి ముందే ఎత్తేసుకుంటే, దిగడం ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకోవాలి?

ఆడా మగా తేడాలో శరీరం పాత్ర లేదని ఎవరూ అనడం లేదు. హార్మోన్లున్నాయి, వాటి పని అవి చేస్తాయి. కాకపోతే చుట్టూ ఉన్నవాళ్ల చూపు కూడా చాలా చిన్నప్పటినుంచే పని మొదలుపెడుతుంది. బెవర్లీ ఫాగట్ అనే పరిశోధకురాలి బృందం 1985లో చెప్పింది అదే. పదమూడు, పద్నాలుగు నెలల వయసులో దూకుడులోనూ, పెద్దల్ని పలకరించడంలోనూ ఆడ, మగ పిల్లలకు తేడా కనిపించలేదు. కానీ పెద్దలు మగపిల్లలు దూకుడు చూపితే ఎక్కువగా పట్టించుకున్నారు, ఆడపిల్లలు మాట కలిపితే ఎక్కువగా స్పందించారు. పదకొండు నెలలు గడిచేసరికి పిల్లల్లోనే తేడా వచ్చేసింది.

ఆడ, మగ మధ్య గీసిన ఈ గీత దాటితే పడే శిక్ష మాత్రం ఇద్దరికీ సమానం కాదు. కూతురు క్రికెట్ బ్యాటు పడితే మురిసిపోయి ఫొటో తీసే నాన్నే, కొడుకు గోళ్లకు రంగేసుకుంటే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. ఫాగట్ 1977లో బాలబడి పిల్లల్ని గమనించినప్పుడు కూడా ఇంతే. ఆడపిల్లల ఆటలు ఆడే మగపిల్లల్ని తోటిపిల్లలే ఎక్కువగా తప్పుపట్టారు, మెచ్చుకోలూ తక్కువే దక్కింది. మగపిల్లల ఆటలు ఆడిన ఆడపిల్లలకు అంత గట్టిగా దెబ్బ తగల్లేదు.