పెట్టెలో పుట్టే మంద్రం

లౌడ్‌స్పీకర్ పలికించే మంద్రస్థాయిలో సగం పని చెక్కపెట్టెదే. మంచి ఎనిమిదంగుళాల వూఫర్‌ను పెట్టెలోంచి ఊడదీసి, బల్లమీద ఆనించి పాట పెడితే గొంతు వినిపిస్తుంది, వయొలిన్ వినిపిస్తుంది. తబలాలో డగ్గా గుమకం మాత్రం దాదాపు మాయమైపోతుంది. వూఫర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. పై స్థాయి ధ్వనుల తరంగాలు పొట్టివి కనుక ముందుదీ వెనకదీ పెద్దగా కలుసుకోవు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు మాత్రం దాదాపు ఏడు మీటర్లు. అంత పొడవాటి తరంగానికి ఎనిమిదంగుళాల కోన్ అడ్డే కాదు. వెనకనుంచి వచ్చేది అంచు తిరిగి ముందుకు వచ్చి, ముందున్న ఒత్తిడిని చెరిపేస్తుంది. ఈ రెండింటినీ విడదీసి ఉంచడమే పెట్టె మొదటి పని.

యంత్రం పుట్టిన రోజుల్లోనే ఇది తెలుసు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కలిసి అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు కోన్ ఉన్న స్పీకర్‌ను లోకానికి వివరించారు. ఈనాటికీ దాదాపు ప్రతి స్పీకరూ ఆ నమూనాలోదే. మరుసటి ఏడాదే ఆర్‌సీఏ సంస్థ దాన్ని రేడియోలా 104 పేరుతో చెక్కపెట్టెలో అమర్చి అమ్మకానికి పెట్టింది. 1932లో పేటెంటు పొందిన బెల్ లాబ్స్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ థురాస్ ఇంకో అడుగు వేశాడు. వెనక ధ్వనిని పూర్తిగా బంధించకుండా, లెక్కప్రకారం చేసిన రంధ్రంగుండా బయటికి వదిలితే అది ముందు ధ్వనికి తోడవుతుందని చూపాడు. స్పీకర్ పెట్టెకు ఈరోజు కనిపించే గొట్టంలాంటి రంధ్రం అదే.

అసలు మలుపు 1954లో వచ్చింది. ఎడ్గార్ విల్చర్ అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఏఆర్-1 అనే స్పీకర్ చేశాడు. అప్పటిదాకా మంద్రం బాగా రావాలంటే బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. విల్చర్ కోన్‌ను బిగువుగా కాక వదులుగా వేలాడదీసి, గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగించాడు. కోన్‌ను తిరిగి స్థానానికి లాగే పని పెట్టెలో బందీ అయిన గాలే చేసింది. కోన్‌ను పట్టి ఉంచే బిగువైన అంచు కన్నా గాలి నిలకడైన స్ప్రింగు కనుక ధ్వని వక్రీకరణ బాగా తగ్గింది. ఇక్కడ చెక్కపెట్టె అలంకారం కాదు, యంత్రంలో ఒక భాగం. దాని ఘనపరిమాణం మారినా, చిన్న సందు పడినా యంత్రమే మారిపోతుంది. తర్వాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలోనూ ఈ సంబంధాన్ని సమీకరణాల్లో పెట్టారు. వడ్రంగి అంచనాతో సాగిన పని అప్పటినుంచి లెక్క అయింది. పెట్టె చిన్నదిగా ఉండాలి, మంద్రం లోతుగా ఉండాలి, తక్కువ కరెంటుతో గట్టిగా మోగాలి అనుకుంటే ఈ మూడింట్లో రెండే దక్కుతాయి. సబ్‌వూఫర్ పుట్టుకకు మూలం ఈ చిక్కే.

హైదరాబాద్ ఇళ్లకు చెక్కపెట్టె ధ్వని రేడియోతో వచ్చింది. దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన కాలంలో వాల్వు సెట్లు చాలావరకు మెరిసే చెక్కపెట్టెలే. తర్వాత రేడియోగ్రాములు, స్టీరియో స్పీకర్లు వచ్చాయి. వాటిలో మిగిలినవి పాత సామాన్ల బజార్లలోనూ, ఇంటి అటకలమీదా ఇప్పటికీ దొరుకుతాయి. లోపలి అయస్కాంతం చెక్కుచెదరదు. పాడయ్యేది చెక్క, నురుగు అంచు, పాలిష్.

చెక్కకు ఇక్కడి వాతావరణం కఠినం. 1908 మూసీ వరద తర్వాత ఈసీ నదిమీద కట్టి 1927లో పూర్తిచేసిన హిమాయత్ సాగర్ చుట్టుపక్కల, శంషాబాద్ వైపు ఇళ్లలో మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆగస్టులో 70 దాటుతుంది. చెక్క ఈ తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుంచించుకుంటుంది. బాగా ఆరిన టేకు పలక కూడా అడుగు వెడల్పుకు రెండు మూడు మిల్లీమీటర్లు అటూఇటూ జరగగలదు. నిలువునా మాత్రం దాదాపు జరగదు. ఆ తేడా అంతా మూలల అతుకులమీద పడి సందులు తెరుచుకుంటాయి. అందుకే తయారీదారులు నిండు టేకు వదిలి ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వాడి, పైన అర మిల్లీమీటరు మందం టేకు లేదా జిట్రేగు వెనీర్ అతికించారు. ఇవి జరగవు కానీ నీరు తగిలితే పొంగుతాయి. పొంగిన పార్టికల్ బోర్డు ఆరినా మళ్లీ పాత మందానికి రాదు.

పాత పెట్టెకు పాలిష్ పట్టాలంటే మొదట స్పీకర్లను ఊడదీయాలి. ఎర్ర తీగ ఏ కొనకు ఉందో గుర్తు పెట్టుకోవాలి. రెండు పెట్టెల్లో ఒకదానికి తీగలు తారుమారైతే రెండింటి మంద్రం ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. స్పీకర్లు పని జరిగే గదిలో ఉండకూడదు. ఇనుప పీచుతో చెక్క రుద్దితే రాలే సన్నటి పొడిని అయస్కాంతం తనలోకి లాక్కుంటుంది, అది తీగచుట్ట సందులో చేరితే కోన్ కదిలినప్పుడల్లా గరగరలాడుతుంది. ఆ పొడిని మళ్లీ బయటికి తీయడం దాదాపు అసాధ్యం.

తర్వాత పాత పాలిష్ ఏదో తేల్చుకోవాలి. వెనకపక్క కనపడని చోట స్పిరిట్‌లో తడిపిన గుడ్డ ఆనిస్తే జిగటగా అంటుకుంటే అది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద లక్కపురుగు స్రవించే జిగురును శుద్ధిచేసి చేసినదే ఇది. స్పిరిట్‌కు లొంగక థిన్నర్‌కు లొంగితే లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైన్ లేదా పీయూ (పాలియురెథేన్). లక్క పాలిష్ అయితే ఊడబీకాల్సిన పనే లేదు. కొత్త పొర పాత పొరను కరిగించుకుని దానితో ఒకటైపోతుంది. పాత రేడియోలకు ఇంతకన్నా తగిన పూత మరొకటి లేదు.

వెనీర్ లేచినచోట సిరంజితో ఫెవికాల్ లోపలికి ఎక్కించి, పైన గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెతో ఓ మోస్తరు వేడి చేసి అదిమితే అతుక్కుంటుంది. మూలల్లో ఊడిన ముక్కలకు లప్పం కన్నా అదే రకం వెనీర్ ముక్క అతకడం మేలు. లప్పం పాలిష్ పీల్చే తీరు వేరు కనుక ఎంత రంగు కలిపినా మచ్చలా కనిపిస్తుంది. గరుకు కాగితంతో రుద్దే దశే అన్నింటిలోనూ ప్రమాదకరమైనది. వెనీర్ మందం అర మిల్లీమీటరే కనుక మెషిన్ సాండర్ ఒక్కక్షణం ఎక్కువసేపు ఆగినా కింద ఎండీఎఫ్ బయటపడుతుంది. చేత్తోనే, కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టి, నారవెంట, 180 నంబరుతో మొదలుపెట్టి 320తో ముగించాలి. అంచుల దగ్గర దిమ్మ వాల్చకూడదు. టేకులో సహజంగా నూనెలు ఉంటాయి, అవి పీయూ పూతను ఆరనివ్వవు. పూతకు ముందు థిన్నర్‌తో తుడవడం అందుకే. ఇక వానాకాలంలో స్పిరిట్ పాలిష్ పట్టకపోవడమే మంచిది. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దానిమీద చేరి పాలలాంటి తెల్లపొర కడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ పాలిష్‌కు మంచి రోజులు.

బిగించాక గాలి సందులు చూడాలి. రంధ్రంలేని పెట్టె అయితే వూఫర్ కోన్‌ను వేళ్లతో సమంగా, నెమ్మదిగా లోపలికి నొక్కి వదలాలి. మెల్లగా తిరిగొస్తే పెట్టె బిగువుగా ఉన్నట్టు; చటుక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు. కొత్త రబ్బరు పట్టీతో సందు మూసేయవచ్చు. రంధ్రం ఉన్న పెట్టెలో మాత్రం ఆ గొట్టం పొడవుగానీ వెడల్పుగానీ మార్చకూడదు.

ఇంత చేసినా పాత పెట్టె 50 హెర్ట్జ్ కిందికి దిగడం కష్టం. బాస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్, ఈనాటి సినిమా పాటల్లో సింథ్ బాస్ అంతకన్నా కిందికి పోతుంది. స్థాయి సగానికి దిగినప్పుడల్లా అదే బిగ్గరతనానికి కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. ఆ శ్రమకు విడిగా ఒక పెట్టె పెట్టడమే సబ్‌వూఫర్. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ సినిమాకు థియేటర్లలో పెట్టిన సెన్సరౌండ్ పెట్టెలు దీన్ని సామాన్య ప్రేక్షకుడికి పరిచయం చేశాయి.

జత కుదర్చడంలో మొదటి నిర్ణయం ఏ స్థాయి దగ్గర పని పంచాలన్నది. 80 హెర్ట్జ్ అందరూ వాడే అంకె. తరంగాలు పొడవుగా ఉండే ఆ కింది స్థాయిలో ధ్వని ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పట్టలేదు. మగ గొంతు మూలస్వరం 100 హెర్ట్జ్ దరిదాపుల్లో మొదలవుతుంది కనుక ఈ అంకె 120 దాటితే గాయకుడి గొంతులో కొంత మూలన ఉన్న పెట్టెలోంచి వస్తున్నట్టు తెలిసిపోతుంది. విల్చర్ పద్ధతి పెట్టెలకు సబ్‌వూఫర్ తేలిగ్గా జతపడుతుంది. వాటి మంద్రం సహజంగానే నున్నటి వాలులో తగ్గుతుంది. సబ్‌వూఫర్‌కు ఉండే ఫేజ్ మీటను అటూఇటూ వేసి, పంపకం జరిగేచోట ధ్వని ఎక్కడ నిండుగా వినిపిస్తే అక్కడ ఉంచాలి.

మిగతా అంతా గది చేతిలో ఉంటుంది. పదడుగులు, పన్నెండడుగుల గది, పదడుగుల స్లాబు మన ఇళ్లలో మామూలు. పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర గాలి ఊగుతుంది. పదడుగుల వెడల్పులో 57 దగ్గర, ఎత్తులోనూ సరిగ్గా అదే 57 దగ్గర. రెండూ ఒకేచోట కలవడంతో ఆ స్వరం ఒక్కటే ఉబ్బుతుంది. ఇటుక గోడలు, గ్రానైట్ నేల దాన్ని పీల్చుకోవు. ఇందుకు చవకైన మందు ఉంది. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా వినేవాళ్లు కూర్చునే చోట పెట్టి, పాట నడుస్తుండగా గోడలవెంట వంగి వింటూ తిరగాలి. మంద్రం ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్‌వూఫర్ శాశ్వత స్థానం అదే, ఎందుకంటే శబ్దం పుట్టే చోటునూ వినే చోటునూ తారుమారు చేసినా ఫలితం మారదు.

పక్కింటి సంగతి కూడా ఇందులో భాగమే. హిమాయత్ సాగర్ లాంటి విశాలమైన నీటిమీద రాత్రివేళ అడుగు గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. పైకి పోవాల్సిన ధ్వని తిరిగి కిందికి వంగి అవతలి ఒడ్డుదాకా పాకుతుంది. గాలి పీల్చేది పై స్వరాలనే కనుక చివరికి మిగిలేది మంద్రం ఒక్కటే. జలాశయం చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన 111వ నంబరు జీవో కారణంగా చాలాకాలం ఖాళీగా ఉండిపోయిన ఈ పరిసరాల్లో ఒక తోటలో మోగే సబ్‌వూఫర్ దూరాన ఉన్న ఊళ్లోనూ వినిపించగలదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి పది తర్వాత 45 డెసిబెళ్ల హద్దు పెట్టాయి. ఆ కొలత వాడేది ‘ఏ’ తూకం; 50 హెర్ట్జ్ ధ్వనిని అది సుమారు 30 డెసిబెళ్లు తక్కువ చేసి చూపుతుంది. అందువల్ల సబ్‌వూఫర్ మట్టాన్ని మీటరుతో సరిచూసేవారు దాన్ని మంద్రాన్ని అంతగా తగ్గించని ‘సీ’ తూకానికి మార్చి, స్పీకర్లను, సబ్‌వూఫర్‌ను విడివిడిగా మోగించి, రెండు అంకెలూ దగ్గరపడేదాకా సబ్‌వూఫర్ మీటను తగ్గించుకుంటూ రావాలి.