సముద్రం ఒడ్డున డేరా, గాలం, బోటు: కుటుంబంతో బయల్దేరే ముందు తెలియాల్సిన సంగతులు

ఏప్రిల్ చివర్లో బడులు మూసేస్తారు. పిల్లలు సముద్రం అంటారు. గుంటూరు, విజయవాడ వాళ్లకి బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది, చీరాల వైపు వాళ్లకి వాడరేవు ఉంది, గోదావరి జిల్లాల వాళ్లకి కాకినాడ. హైదరాబాద్ నుంచి కూడా రెండు మూడు కుటుంబాలు కలిసి దేగ్చా, దస్తర్‌ఖాన్, రెండు డేరాలు, నాలుగు గాలాలు వేసుకుని బయల్దేరడం ఈమధ్య బాగా కనిపిస్తోంది. మంచిదే. కాకపోతే మన సెలవుల క్యాలెండర్‌కీ, సముద్రం క్యాలెండర్‌కీ అసలు పొత్తు కుదరదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపల వేట నిషేధం. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం అది. అప్పుడు వలేస్తే వచ్చే ఏడాది సరుకును ఈ ఏడాదే అమ్ముకున్నట్టు. అసలుకే ఎసరన్నమాట. మర పడవలు, ఇంజిన్ బిగించిన పడవలు ఆ రెండు నెలలూ ఒడ్డునే ఉంటాయి. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. ఒడ్డున నిలబడి గాలం వేసేవారికి దీనితో ఇబ్బంది లేదు. కానీ మే నెలలో ఎవరైనా "రండి సార్, లోపలికి తీసుకెళ్లి చేపలు పట్టిస్తా" అని ఇంజిన్ పడవ ఎక్కించబోతే ఒప్పుకోకూడదు. అది దొంగచాటు బేరం. అలాంటి పడవలో లైఫ్ జాకెట్లు ఉంటాయని, ఏదైనా జరిగితే సమాధానం చెప్పేవాళ్లు ఉంటారని అనుకోవడం అమాయకత్వమే.

మరి ఎప్పుడు వెళ్లాలి? సంక్రాంతి సెలవులే మేలు. బంగాళాఖాతం నీళ్లు జనవరిలో కూడా వెచ్చగానే ఉంటాయి, పిల్లలు వణకరు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల భయం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ తుపాన్ల కాలం మొదలవుతుంది, పైగా ఎండ. జనవరి, ఫిబ్రవరి ఈ రెంటి మధ్యా దొరికిన ఖాళీ. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఆ రోజుల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటి మీద టార్చి వేయడం, ఫొటోల కోసం చుట్టూ మూగడం చేయకూడదు. చట్టం రక్షణ ఉన్న జీవి అది. గుడ్లు ముట్టుకుంటే కేసు.

డేరా ఎక్కడ వేయాలో చెప్పడానికి ముందు పోటు, పాటు సంగతి తెలియాలి. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఈరోజు పొద్దున ఆరింటికి పోటు వస్తే, రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇదంతా చంద్రుడి లెక్క. నెలవంక కోసం మిద్దెలెక్కి చూసే ఇళ్లకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. చాంద్ కనిపించిన మొదటి రెండు రోజులూ, మళ్లీ పదిహేను, పదహారో చాంద్ రోజుల్లోనూ పోటు ఎక్కువగా ఉంటుంది, నీళ్లు బాగా పైకొస్తాయి. ఎనిమిది, తొమ్మిది తేదీల్లోనూ, ఇరవై రెండు, ఇరవై మూడుల్లోనూ పోటు నెమ్మదిగా ఉంటుంది. గోడకి ఉన్న ఇస్లామీ క్యాలెండర్ చూసి ట్రిప్ తేదీ పెట్టుకోవచ్చు. చిన్నపిల్లలుంటే తొమ్మిదో చాంద్ దగ్గర్లో వెళ్లడం తేలిక.

ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు వరసగా గీతలా పడి ఉంటాయి. కిందటి పోటు అక్కడిదాకా వచ్చిందని గుర్తు. డేరా ఆ గీతకి బాగా పైన, సరుగుడు తోటల వైపు వేయాలి. తోటలోపల మాత్రం పొయ్యి వద్దు, రాలిన సరుగుడాకు నిప్పు తగిలితే భగ్గుమంటుంది. తాగే నీళ్లు ఊళ్లోంచే క్యాన్లలో తెచ్చుకోవాలి.

ప్రాణాలు పోయేది ఎక్కువగా బోట్లలో కాదు, ఒడ్డున స్నానానికి దిగినప్పుడే. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా. నీళ్ల కింద ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ అన్నీ ఒక్కచోట చేరి కాలువలా వెనక్కి లాగుతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. చూసేవాళ్లని మోసం చేసేది ఇదే. అక్కడ అలలు విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. "ఇక్కడ అలలు తక్కువ, పిల్లల్ని ఇక్కడే దింపుదాం" అని పెద్దవాళ్లే అక్కడికి తీసుకెళ్తారు. అటూ ఇటూ తెల్లగా నురగ ఉండి, మధ్యలో ముదురు రంగులో నీళ్లు నునుపుగా కనిపిస్తే అక్కడ దిగకూడదు.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు. గజ ఈతగాడు కూడా ఆ ప్రవాహానికి ఎదురీది అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా, అంటే పక్కకి ఈదాలి. ప్రవాహం సన్నగానే ఉంటుంది, దాటేశాక అలలే ఒడ్డుకి తెస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒకరి కోసం ఇంకొకరు దూకడం వల్లే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు వస్తుంటాయి. దూకే బదులు ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్‌కి పొడవాటి తాడు కట్టి ఒడ్డున సిద్ధంగా పెట్టుకుంటే అంతకంటే మంచి సాయం లేదు.

ఆడవాళ్ల విషయం ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ రాయాలి. బురఖా, చీర, దుపట్టా ఏదైనా తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. మోకాలి లోతు దాటకుండా ఉండటమే క్షేమం. బోటెక్కితే లైఫ్ జాకెట్ అన్నిటికన్నా పైన వేసుకోవాలి, బురఖా లోపల కాదు. దుపట్టా కొసలు ముడేసుకోవాలి.

బోటు షికారుకి కాకినాడ బాగుంటుంది. హోప్ ఐలాండ్ అనే దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ సముద్రానికి అడ్డంగా ఉండటంతో కాకినాడ దగ్గర నీళ్లు కొంత నిదానంగా ఉంటాయి. పక్కనే కోరింగ మడ అడవులు, పిల్లలకి చూపించి తీరాలి. అది అభయారణ్యం, అటవీ శాఖ పరిధి. అక్కడ గాలం బయటికి తీయకూడదు. ఇక బోటు మొత్తానికి మాట్లాడుకుంటే తలకి ఎంత పడుతుందనే లెక్క అందరం వేస్తాం. మరో నలుగురిని ఎక్కించుకుంటే ఇంకా తగ్గుతుంది. ఆ నలుగురి దగ్గర మిగిలేది వందల్లో. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పదుల ప్రాణాలు పోయాయి. అవి నదులు, ఇది సముద్రం. ఎంతమంది ఎక్కొచ్చో అడగాలి, అందరికీ జాకెట్లున్నాయో లెక్కపెట్టాలి. పిల్లలకి పిల్లల సైజే కావాలి, పెద్దది వేస్తే నీళ్లలో పడ్డప్పుడు మెడమీంచి జారిపోతుంది.

గాలానికి పోటు వస్తున్నప్పుడు చేప బాగా పడుతుంది. ఎరకి చిన్న రొయ్య చాలు. జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు, రెక్కల ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటుని ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బుడగలా ఉబ్బే చేపని వదిలేయాలి. దాని విషం వండినా పోదు. పీత పడితే ఏం చేయాలన్నది ఇంట్లో పెద్దలు ఏ మజ్‌హబ్ పాటిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది, రొయ్యల మీద హనఫీ ఉలమాల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి.

పట్టిన చేపని బకెట్‌లో నీళ్లు పోసి ఎండలో ఉంచడం చాలామంది చేసే పని. వెచ్చటి చోట చేప గంటల్లోనే పాడవుతుంది. కానాగంతల్లాంటి వాటిలో పుట్టే హిస్టమిన్ వేపుడు చేసినా పోదు, తిన్నాక ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. చేప ఎంత బరువుంటే అంత ఐస్ వేసి మూతున్న పెట్టెలో పెట్టాలి.

బయల్దేరే ముందురోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల, గాలుల సూచన చూడాలి. మన తీరం మొత్తానికీ ఆ సమాచారం అక్కడి నుంచే వస్తుంది. ఫోన్‌లో 112, 108తో పాటు తీర రక్షక దళం నంబరు 1554 కూడా ఉండాలి. మగ్రిబ్ అజాన్ వేళకి పిల్లలందరూ ఒడ్డు మీద, నాచు గీతకి ఇవతల ఉండాలి. చీకట్లో తల లెక్కపెట్టడం కష్టం.