దూరము నుండి తెఱచు భోషాణము

పూర్వము తెలుగునాట కలిగినవారి ఇండ్లలో ఒక పెద్ద కొయ్య భోషాణము ఉండెడిది. భూముల దస్తావేజులు, జాతకములు, వెండి గిన్నెలు, పెండ్లినాటి పట్టుచీరలు, అన్నియు అందులోనే. దాని తాళపుచెవి ఇంటి యజమానురాలి బొడ్డున వ్రేలాడుచుండెడిది. భోషాణము తెఱవవలెనన్న ఆ యింటికి పోవలసినదే. వేఱు మార్గము లేదు.

ఈనాడు అనేక కుటుంబముల ఛాయాచిత్రములు, పాటలు, దస్తావేజుల నకళ్లు అంకెల రూపమున నిలువయగుచున్నవి. వీనిని ఇంటనే దాచుకొనుటకు రెండు మూడు ఇటుకలంత పెట్టె యొకటి వాడుకలోనికి వచ్చినది. దానిని ‘నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్’ అనియు, సంక్షేపముగా ‘నాస్’ అనియు పిలుతురు. అది నిజమునకు చిన్న కంప్యూటరే. తెర లేదు, మీటల పలక లేదు. లోపల ఒకటి గాని, అంతకు మించి గాని డిస్కులు ఉండును. ఇంటిలోని రౌటరునకు తీగతో కలిపినచో, ఇంటిల్లిపాదియు తమ తమ ఫోనులనుండి దానిని వాడుకొనవచ్చును.

తెనాలిలో ఒక గృహస్థు ఇంట ఇట్టి పెట్టె కలదనుకొనుడు. అతని తల్లి పాడిన మంగళహారతులను, ఆమె జీవించియుండగా సెల్‌ఫోనున పట్టి, అందులో దాచినారు. ఆమె ఇప్పుడు లేదు. మనుమరాలు అమెరికాలోని డల్లాస్ నగరమున ఉద్యోగము చేయుచున్నది. ఒకనాటి రాత్రి ఆమెకు నాయనమ్మ గొంతు వినవలెనని తోచినది. పెట్టె తెనాలిలో, ఆమె డల్లాసులో. ఇద్దఱి ఇండ్లకును ఇంటర్నెట్టు ఉన్నది. ఐనను ఆమె ఆ పెట్టెను చేరజాలకున్నది. ఏల?

ఒక మండువా లోగిలిని తలచుకొనుడు. నాలుగు వైపుల గదులు, నడుమ మండువా, వీధికి ఒకటే ద్వారము. పోస్టుమాను వీధి ద్వారము వఱకే వచ్చును. ‘పడమటి గది’ అని మాత్రమే చిరునామా వ్రాసిన కార్డు ఎవరికి చేరును? ప్రతి ఊరను, ప్రతి లోగిలియందును పడమటి గది ఉన్నది గదా! తెనాలిలోని పెట్టె చిరునామా 192.168.1.20 అనుకొన్నచో, అదియు పడమటి గది వంటిదే. 192.168తో మొదలగు చిరునామాలు ఇంటి లోపలి వాడుకకే ప్రత్యేకింపబడినవి. అదే చిరునామా లోకమున లక్షలాది ఇండ్లలో ఉండవచ్చును.

ఇట్లేల చేసిరన్న, చిరునామాలు చాలకపోవుటచేత. ఇంటర్నెట్టు తొలి నిర్మాతలు ప్రతి చిరునామాకును 32 బిట్లు కేటాయించిరి. దానివలన ఏర్పడునవి సుమారు 429 కోట్ల చిరునామాలు. ఆనాడు అవి అక్షయపాత్రవలె కనబడినవి. కాని 2011 ఫిబ్రవరి నాటికి కేంద్ర నిలువనుండి చివరి భాగములు కూడ పంపకమైపోయినవి. ఇంటికొక్క వెలుపలి చిరునామా ఇచ్చి, లోపలివారందఱును దానినే పంచుకొను పద్ధతి అందువలననే వ్యాపించినది.

ఈ పంపకమును నడుపునది రౌటరు. లోపలివారు బయటికి ఉత్తరము పంపినప్పుడు, అది వాకిటికాపరివలె ఏ గదివారు పంపిరో చిట్టాలో వ్రాసికొని, లోగిలి చిరునామా వేసి పంపును. జవాబు రాగానే చిట్టా చూచి ఆ గదికి చేర్చును. ఎవరును అడుగకయే బయటినుండి వచ్చిన ఉత్తరమునకు చిట్టాలో పద్దు ఉండదు. కాపరి దానిని పారవేయును. డల్లాసునుండి వచ్చిన పిలుపు కూడ ఇట్లే పాఱవేయబడుచున్నది. ఇది లోపము కాదు. తెలియనివారు లోనికి రాకుండ కాచుచున్నదియు ఇదియే.

కావున కాపరికి ఒక ఆజ్ఞ ఈయవలెను. ప్రతి చిరునామాకును 0 మొదలు 65,535 వఱకు ద్వారసంఖ్యలు కలవు, వానిని పోర్టులందురు. రహస్యలిపితో కూడిన వెబ్ పుటలకు వాడుకగా 443వ పోర్టు ఏర్పడినది. “ఫలానా పోర్టున వచ్చువారిని 20వ గదికి పంపుము” అని రౌటరులో వ్రాసిపెట్టుటను పోర్టు ఫార్వర్డింగు అందురు. దీనికి ముందుగా చేయవలసిన చిన్నపని యొకటి కలదు. రౌటరు లోపలి చిరునామాలను తానే పంచిపెట్టును. కరెంటు పోయి వచ్చిన పిమ్మట నిన్నటి 20వ గది నేడు 23వ గది కావచ్చును. అట్లు కాకుండ పెట్టెకు ఒకే చిరునామా స్థిరపఱుపవలెను. దీనిని మఱచి, ఆజ్ఞ సరిగానే యుండగా పెట్టె ఏల పలుకదని గంటలకొలది తల బ్రద్దలు కొట్టుకొన్నవారు కలరు.

లోగిలి వెలుపలి చిరునామా సైతము స్థిరము కాదు. సేవనందించు సంస్థ దానిని అప్పుడప్పుడు మార్చుచుండును. అద్దె యిల్లు మార్చినవాడు, బంధువులు వెదకుకొని వత్తురని, క్రొత్త యింటి గుర్తులు మూలనున్న కిరాణా కొట్టులో చెప్పి పోవును. డైనమిక్ డి.ఎన్.ఎస్. అను సేవ ఆ కిరాణా కొట్టు వంటిది. పెట్టెకు ఒక పేరు పెట్టుకొందురు; చిరునామా మాఱినప్పుడెల్ల పెట్టెయే ఆ సేవకు క్రొత్త సంఖ్యను తెలుపును. మనుమరాలు పేరు మాత్రము జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇన్ని చేసినను కొన్ని ఇండ్లలో ద్వారము తెఱచుకొనదు. సంస్థలు కొన్ని, చిరునామాలు మిగుల్చుకొనుటకై, అనేక గృహములను కలిపి ఒకే వెలుపలి చిరునామా వెనుక నిలుపుచున్నవి. అనగా లోగిలి చుట్టును ఊరి కోటగోడ యొకటి. దాని కాపరి ఇంటి యజమాని మాట వినడు. రౌటరు తన వెలుపలి చిరునామాను 100.64 మొదలు 100.127 వఱకు గల సంఖ్యలలో చూపినచో ఇదియే కారణము. అప్పుడు సంస్థను ప్రత్యేక చిరునామా కోరవలెను. లేదా 128 బిట్ల క్రొత్త చిరునామా పద్ధతియైన ఐ.పి.వి.6ను ఆశ్రయింపవలెను, లేదా పెట్టె తానై బయటికి పోయి కలిసికొను మధ్యవర్తి సేవను వాడవలెను.

ద్వారము తెఱచుకొన్నదనుకొనుడు. ఇక దాని గుండ ఎవరెవరు వత్తురు? మిచిగాన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో జీమ్యాప్ అను సాధనమును నిర్మించి, ఒక్క కంప్యూటరుతో, 45 నిముసములలోపల, 32 బిట్ల చిరునామాలన్నిటి తలుపును తట్టి చూడవచ్చునని నిరూపించిరి. వారు చేసినది శాస్త్రపరిశోధన. దొంగల చేతిలోను ఇట్టి సాధనములున్నవి. చిన్న ఊరిలోని చిన్న ఇల్లు గదా, ఎవరికి తెలియునను ధైర్యము ఇచ్చట చెల్లదు. తలుపు తట్టునది యంత్రము. దానికి తెనాలియు టోకియోయు ఒక్కటే.

2021 జూన్ నెలలో వెస్టర్న్ డిజిటల్ వారి ‘మై బుక్ లైవ్’ పెట్టెలు వాడుచున్న అనేకులు ఒకనాడు చూచుకొనగా, పెట్టెలు కొన్ననాటివలె శూన్యముగ నున్నవి. ఏండ్ల తరబడి కూర్చిన చిత్రములు పోయినవి. ఆ పెట్టెల లోపలి ప్రోగ్రాములకు 2015 తరువాత సవరణలు అందలేదు. అందలి లోపములగుండ దూరమున నున్న దుండగులు వానిని తుడిచివేసిరి. వానిని వెంటనే ఇంటర్నెట్టునుండి విడదీయుడని సంస్థ ప్రకటింపవలసి వచ్చినది. మఱుసటి సంవత్సరము జనవరిలో ‘డెడ్‌బోల్ట్’ ముఠా క్యూనాప్ సంస్థ పెట్టెలమీద పడినది. ఈ దొంగలు తుడువలేదు. ఉన్న పత్రములకే తమ తాళము వేసి, తాళపుచెవికి 0.03 బిట్‌కాయిన్ వెల కట్టిరి. ఆ యేడు అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు వీరిని వీరి దారినే మోసగించిరి. వారు సొమ్ము పంపిరి, తాళపుచెవి రాగానే, చెల్లింపు ఖాయము కాకమునుపే దానిని వెనుకకు మరల్చిరి. దొంగలు మేల్కొనులోపల 150కి పైగా తాళపుచెవులు చేజిక్కినవి! అయితే బాధితులు వేలకొలది. పోలీసులకు చిక్కిన చెవులు వందకొలది.

అందువలన ఎఱిగినవారు పెట్టె పుటను నేరుగా వీధిలో నిలుపుటకు ఇష్టపడరు. దానికి బదులు వి.పి.ఎన్. అను సొరంగమును త్రవ్వుకొందురు. మనుమరాలి ఫోనుకును, తెనాలి యింటికిని చెఱియొక రహస్యపు చెవి యుండును. ఆ చెవి గలవారికే సొరంగము తెఱచుకొనును. లోనికి వచ్చినంతనే ఆమె ఆ యింటి గదిలో కూర్చున్నట్లే. ‘వైర్‌గార్డ్’ అను పద్ధతి ఇట్టిది. దానియందొక చక్కని గుణము కలదు: సరియైన చెవి లేనివాడు తలుపు తట్టినచో అది పలుకనే పలుకదు. ఎవరును లేని ఇల్లని తలచి దొంగయంత్రము ముందుకు సాగిపోవును.

ఏ కారణముచేతనైనను వెబ్ పుటనే తెఱవవలసి వచ్చినచో కొన్ని జాగ్రత్తలు విడువరానివి. రాకపోకలు రహస్యలిపిలో సాగవలెను. లేనిచో సంకేతపదము పోస్టుకార్డుమీద వ్రాసిన మాటవలె దారినున్నవారెల్ల చదువగలరు. దీనికి కావలసిన ధ్రువపత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ సేవ 2015 నుండి ఉచితముగ ఇచ్చుచున్నది. సంకేతపదముతోపాటు ఫోనునకు వచ్చు రెండవ గుర్తును కూడ అడుగునట్లు చేయవలెను. ‘అడ్మిన్’ అను వాడుక పేరును తొలగింపవలెను. సంస్థ పంపు సవరణలను వాయిదా వేయరాదు. పరికరములు కోరినంతనే యజమానికి తెలియకుండ పోర్టులు తెఱచు యూపీఎన్‌పీ అను సదుపాయము రౌటరులో ఉండును. దానిని ఆపుట మేలు.

రెండు డిస్కులున్నవి గదా, ఒకటి చెడినను రెండవది ఉన్నదను భ్రమ చాలమందికి కలదు. యంత్రము చెడినప్పుడు ఆ మాట నిజమే. దొంగ తుడిచినప్పుడు రెండును ఏకకాలముననే తుడుచుకొనిపోవును. నాయనమ్మ పాటలకు ఇంకొక ప్రతి, పెట్టెకు తగులనిది, వేఱు డిస్కున తీసి, వేఱు చోట ఉంచవలెను.

చివరకు పరీక్ష. తెనాలి యింటిలోనే కూర్చుండి, ఇంటి వైఫైతో పరీక్షించినచో ఫలితమును నమ్మరాదు; లోపలినుండి పోవు పిలుపు వీధికి పోకయే తిరిగి రావచ్చును, లేదా కొన్ని రౌటరులలో తిరిగి రాకయే పోవచ్చును. ఫోనులో వైఫై ఆపి, మొబైలు డేటాతో చూడవలెను. వేగము కూడ ఇంటినుండి బయటికి పంపు సామర్థ్యముపై ఆధారపడును. అది సెకనుకు 40 మెగాబిట్లైనచో, 4 గిగాబైట్ల పెండ్లి వీడియో చేరుటకు పదుమూడు నిముసములకు పైగా పట్టును. నాయనమ్మ హారతిపాట 4 మెగాబైట్లే. డల్లాసులో రాత్రి పదింటికి మనుమరాలు దానిపై వ్రేలు మోపినచో, తెనాలిలో తెల్లవాఱి, పెట్టె ముందరి చిన్న దీపము రెండు మూడు మాఱులు మినుకుమనులోపలనే ఆ పాట ఆమె చెవిని సోకును.