వలలో చిక్కిన ఆకాశచిత్రము

వానకై ఎదురుచూచుట తప్ప ఆకాశముతో వేఱొక వ్యవహార మెఱుగని పాలమూరు మెట్టపల్లెలకు, 1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలుకొని, ఆకాశమునుండియే బొమ్మలును మాటలును దిగిరాసాగెను. నేడు మన యిండ్లలో వెలుగుచున్న తెరలకు ఈ సీమలో పూర్వజన్మ మిదియే.

శాస్త్రజ్ఞుడైన విక్రం సారాభాయి మహాశయుని సంకల్పబలమున, 1969లో భారత అణుశక్తి శాఖయు అమెరికాలోని నాసా సంస్థయు చేసికొన్న యొప్పందమే 'సైట్' అను ఉపగ్రహ బోధనప్రయోగమునకు మూలము. అది ఫలించుట చూడకయే 1971లో ఆయన దివంగతుడయ్యెను. ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామముల నెన్నుకొనగా, నాటి మన ఉమ్మడి రాష్ట్రమున మహబూబునగర్, మెదకు, హైదరాబాదు, కర్నూలు జిల్లాల కా భాగ్యము కలిగెను.

నేలమీది ప్రసారస్తంభమునుండి వెలువడు తరంగము భూమి వంపును దాటి దూరము పోజాలదు గనుక, నగరమునకు ఎడమైన పల్లెకు టెలివిజన్ అందని మ్రానిపండై యుండెను. నాసావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము, భూమధ్యరేఖపైని సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమముగా తిరుగుచు కదలనట్లే నిలిచి, గొడుగువలె విచ్చుకొన్న 9 మీటర్ల పళ్ళెముతో తరంగమును మన దేశముపైకి గుప్పించినది. పైనున్న పళ్ళెము పెద్దదగుటచే క్రిందిది చిన్నదైనను చాలెను. ఆ చిన్నదానిని తలచినప్పుడెల్ల నాకు అబ్బురమే: 3 మీటర్ల చట్రమునకు బిగించిన, కోళ్ళగూటికి వాడునట్టి ఇనుపతీగెల వల! తరంగపు పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వలకన్నులు అంతకంటె మిక్కిలి చిన్నవి. కావున గాలి దూసుకొనిపోవును గాని తరంగము పోజాలక, అద్దమునకు తగిలిన యెండవలె మరలి, నడుమనున్న గ్రాహకముపై కూడుకొనును. టెలివిజన్ పెట్టెలు హైదరాబాదులోని ఈసీఐఎల్ కర్మాగారమున తయారైనవి.

దినమునకు 4 గంటలే ప్రసారము. ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు ఊరివారికి. ఊరికంతకు ఒకటే పెట్టె. అది యెవరి యింటి సొత్తును గాదు. పొలమునుండి వచ్చినవాడు గొంగడి పఱచుకొని కూర్చుండినచో, "అన్నా, గీ మందు మన చెల్కకు పనికొస్తదా?" అని అడుగుటకు ప్రక్కన మనిషి యుండెను. బొమ్మ ఆగినపిమ్మట మాట మొదలయ్యెడిది. యంత్రము మనుష్యులకు చేయదగిన మేలులో ఇంతకు మించినది నే నెఱుగను.

1976 జూలై 31తో ఏడాది గడువు తీరెను. నాసావారు ఉపగ్రహమును మరల పడమటికి, తమ దేశమువైపునకు, తరలించిరి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. క్రమముగా పెట్టె యిల్లు చేరెను. పిదప గదికొకటి, ఇప్పుడు అఱచేతికొకటి. అన్నము ముందు కూర్చున్న నలుగురు నాలుగు తెరలు చూచుచుండగా, రొట్టె చేసిన తల్లి ఉప్పు సరిపోయినదా యని రెండుమాఱులు అడుగవలసివచ్చుట కంటె దుఃఖకరమైన దృశ్యము మఱొకటి లేదు. దోషము తరంగమునందు లేదు. తెరకు నాడుండిన వేళయు, ప్రక్కమనిషియు నేడు తొలగిపోవుటయందే యున్నది.

ఆ వల క్రింద కూర్చుండి చూచిన నాటి బడిపిల్లలకు ఇపుడు అఱువదియేండ్లు సమీపించినవి. అట్టివారు మీ యింట నున్నచో, ఈ రాత్రి తెర ఆర్పి, వారి సరసన కూర్చుండి, ఆ సాయంకాలముల ముచ్చట చెప్పించుకొనుడు.