రిపీటర్‌ను ఎవరు లేపారు?

పార్టికల్ యాక్సిలరేటర్లు, పెద్ద టెలిస్కోపుల కంట్రోల్ రూముల్లో చాలాచోట్ల నడిచేది ఎపిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అమెరికాలోని లాస్ అలమోస్, ఆర్గాన్ ప్రయోగశాలలు కలిసి మొదలుపెట్టిన పని ఇది. గురుత్వ తరంగాలను పట్టుకున్న లైగోలోనూ ఇదే వాడతారు. అయస్కాంతాల కరెంటు, వాక్యూమ్ రీడింగుల లాంటివి ఐఓసీలనే సర్వర్లు అందిస్తే, ఆపరేటర్ తెర మీది క్లయింట్ ప్రోగ్రాములు అడిగి తెచ్చుకుంటాయి. ఈ రెంటి మధ్య సీఏ రిపీటర్ అని ఒకటుంది. అది చచ్చాక తప్ప దాని పేరు ఎవరికీ గుర్తు రాదు.

దాని పని చిన్నదే. ప్రతి ఐఓసీ మామూలుగా 15 సెకన్లకోసారి 'నేనున్నాను' అని నెట్‌వర్క్ మీద దండోరా వేస్తుంది. దీన్నే బీకన్ అంటారు. కొత్తగా లేచిన ఐఓసీ మొదట్లో గబగబా వేసి, పోనుపోను నెమ్మదిస్తుంది. ఇవి వచ్చేది యూడీపీ 5065 పోర్టుకు. ఒకే కంప్యూటర్లో పది ప్రోగ్రాములు ఆ పోర్టు దగ్గరే కాచుక్కూర్చుంటే, నేరుగా వచ్చిన ప్యాకెట్ పదింటికీ అందదు. అందుకే రిపీటర్ ఒక్కటే విని, తన దగ్గర నమోదైన వాటన్నిటికీ చేరవేస్తుంది.

మరి దాన్ని ఎవరు లేపుతారు? ఎవరైనా సరే. క్లయింట్ ప్రోగ్రాముకు రిపీటర్ కనిపించకపోతే తనే ఒకదాన్ని పుట్టించి తన దారిన తాను పోతుంది. పుట్టినది పుట్టించిన మనిషి యూజర్ పేరుతోనే పుడుతుంది. రాత్రి షిఫ్టులో ఎవరో లాగిన్ అయి, సీఏగెట్ కమాండ్‌తో ఒక్క విలువ చూసుకుని ఇంటికెళ్లిపోతారు. ఆయన పేరు మీద రిపీటర్ మాత్రం నెలల తరబడి డ్యూటీలోనే ఉంటుంది. జీతం లేదు కనుక ఆడిట్ వాళ్లూ అడగరు.

అసలు చిక్కు లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీతో. బూట్ అవగానే, విలువలను దాచిపెట్టే ఆర్కైవర్ సర్వీసు ముందు లేచి, రిపీటర్‌ను పుట్టించిందనుకుందాం. ఒక సర్వీసు పుట్టించినవన్నీ సిస్టమ్‌డీ లెక్కలో ఒకే గుంపు, అంటే సీగ్రూపు. ఆర్కైవర్‌ను అప్‌గ్రేడ్ కోసం ఆపితే, వేరే సెట్టింగ్ పెట్టకపోతే, గ్రూపంతా పోతుంది, రిపీటర్‌తో సహా. ఆర్కైవర్ మళ్లీ లేచి కొత్త రిపీటర్‌ను పుట్టిస్తుంది, నిజమే. అయితే అప్పటికే నడుస్తున్న అలారం ప్రోగ్రాము, ఆపరేటర్ తెరలు మొదట్లో ఒకసారి నమోదు చేసుకుని ఊరుకున్నాయి. కొత్తదానికి వాటి సంగతే తెలియదు.

అప్పటికి ఏమీ జరగదు. విలువలు వచ్చేది టీసీపీ కనెక్షన్ మీద. బీకన్ వినపడకపోతే క్లయింట్ ఒక ఎకో పంపి, సర్వర్ బతికే ఉందని తేల్చుకుంటుంది. దెబ్బ బయటపడేది ఐఓసీని మరమ్మతుకు కొన్ని గంటలు ఆపి, తిరిగి ఆన్ చేసిన రోజున. బీకన్ వినపడితే క్లయింట్ వెంటనే వెతుకుతుంది. లేకపోతే ఉండి ఉండి వెతుకుతుంది. ఆ విరామం డీఫాల్టుగా 300 సెకన్ల దాకా పెరుగుతుంది. పక్క కంప్యూటర్లో విలువలు కనిపిస్తుంటాయి, ఇక్కడ ఎంఈడీఎం అనే ఆపరేటర్ తెర మీద తెల్ల పెట్టెలే. ఈ ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు ఐఓసీని ఇంకోసారి రీబూట్ చేస్తారు, ఇంకొకరు నెట్‌వర్క్ వాళ్లకు ఫోన్ కొడతారు. ఈలోగా అదే బాగవుతుంది. ఆఖర్న ఎవరి చెయ్యి పడితే వారికి మంచి పేరు.

మందు తేలికే. ఎపిక్స్ వాడే ఏ సర్వీసుకన్నా ముందే, రిపీటర్‌ను సొంత సర్వీసుగా, సొంత యూజర్ పేరుతో లేపాలి. మిగతా సర్వీసుల యూనిట్ ఫైళ్లలో ఈ వరుస రాసిపెట్టాలి. ఎవరైనా రెండోదాన్ని పుట్టించినా ఫరవాలేదు, పోర్టు ఖాళీ లేదని చూసి అదే తప్పుకుంటుంది.

ఐఓసీలకు ఇలాంటి కాపలా ప్రాక్‌సర్వ్ అనే ప్రోగ్రాము కాస్తుంది. ఐఓసీ కన్సోల్‌ను టెల్‌నెట్‌లో అందిస్తుంది, ఐఓసీ పడిపోతే మళ్లీ లేపుతుంది, లేపడానికీ లేపడానికీ మధ్య మామూలుగా 15 సెకన్ల ఎడం ఉంచుతుంది. రోజంతా పడి లేచే ఐఓసీ కూడా దూరం నుంచి ఆరోగ్యంగానే కనిపిస్తుంది కనుక లాగ్ చదివే మనిషి ఒకరుండాలి. ఆ మనిషిని పుట్టించే సర్వీసు ఇంకా రాలేదు.

ముందుగా పీఎస్ కమాండ్ కొట్టి, రిపీటర్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. మనిషి పేరు కనిపిస్తే ఆయన్ని నిలదీయకండి, పాపం ఆయనకు తెలియదు. అప్పటికప్పుడు చంపేయనూ వద్దు. యూనిట్ ఫైలు రాసిపెట్టుకుని షట్‌డౌన్ రోజు దాకా ఆగితే, అన్నీ కలిసి కొత్తగా నమోదవుతాయి.