మందు కల్లును, పటాలపు వాఙ్మూలమును

ప్రతి వేసవియందును మన పాఠశాల విడిచిపోవు బాలురలో కొందరు పటాలములో చేర నుద్యుక్తులగుచున్నారు. భారత ప్రభుత్వమువారు 2022వ సంవత్సరము జూన్ 14వ తేదీన అగ్నిపథ్ అను పద్ధతిని ప్రకటించిరి. దాని ప్రకారము 17½ యేండ్లు నిండిన బాలుడు నాలుగేండ్ల కొలువునకు తీసికొనబడును. ఆ గడువు తీరినపిమ్మట నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొందుమని అప్పటి ప్రకటనలో చెప్పబడెను. కనుక మన పిల్లలు వేకువనే లేచి తారురోడ్డు మీద పరుగులెత్తుచున్నారు. 1,600 మీటర్ల పరుగునకు గడియారము పట్టుకొని లెక్క చూచుకొనుచున్నారు. ఇది చూడ ముచ్చటగా నున్నది. అయితే పరుగులో గెలిచినవాడు సయితము, తన పూర్వమును గూర్చి అడుగు ప్రశ్నలయొద్ద తడబడి, చేతికందిన కొలువును పోగొట్టుకొనవచ్చును. ఈ సంగతిని పిల్లలకును, వారికంటె ముఖ్యముగా తలిదండ్రులకును కొంత విప్పి చెప్పవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పూర్వమనగా దొంగతనమో, దొమ్మీయో అని చదువరులు తలంపవచ్చును. మన పాలమూరు, నల్లగొండ సీమలకు వచ్చునప్పటికి ఇందులో వేరొక చిక్కు కలదు. అది కల్లు.

ఈతచెట్టునుండియు, తాటిచెట్టునుండియు దిగిన చెట్టుకల్లు మన యూళ్లకు క్రొత్త కాదు. పెండ్లియందును, చావునందును, పండుగయందును అది యుండును. పొలముపని చేసి వచ్చిన తండ్రి తాను త్రాగుచు ప్రక్కనున్న పిల్లవానికి ఒక గుక్క పోయుట కొన్ని యిండ్లలో ముద్దుగానే యెంచబడుచున్నది. అది మంచిదని మేము చెప్పము. కాని ఇప్పుడు చెప్పబోవునది చెట్టుకల్లు మాట కాదు. చెట్లు కొలదిగా నుండి త్రాగువారు మిక్కుటముగా నున్నచోట, కల్లువంటిదానిని నీళ్లతోను, చక్కెరతోను, సాకరిన్‌తోను కలిపి, నిషా కొరకు మందు వేసి అమ్మువారు బయలుదేరిరి. జనులు దానిని మందు కల్లు అనియే పిలుచుచున్నారు. కష్టించి చెట్టెక్కి గీచు గౌడన్నలలో అనేకులకు ఈ పాపముతో సంబంధము లేదు. ఈ వ్యాపారమువలన వారి కల్లునకు విలువ పోయినదని చెప్పుటయే న్యాయము.

ఈ మందులేవి? మొదటిది క్లోరల్ హైడ్రేట్. దీనిని 1832లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ కనుగొనెను. పూర్వకాలపు వైద్యులు నిద్రపట్టని రోగుల కిచ్చెడివారు. రెండవది 1963లో అంగళ్లకు వచ్చిన డయాజిపాం. మన దుకాణములయొద్ద దీనినే డైజోఫాం అందురు. మూడవది అల్ప్రాజోలం. వైద్యుడు దీనిని భయరోగమునకు పావు మిల్లిగ్రాము, అర మిల్లిగ్రాము చొప్పున తూచి యిచ్చును. కల్లు కుండలో వేయువానికి తూనికయు లేదు, కొలతయు లేదు. డయాజిపాం, అల్ప్రాజోలం అను రెండును 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల శాసనము క్రింద చేరియున్నవి. ఆ శాసనము ప్రకారము అల్ప్రాజోలం 100 గ్రాములు దాటిన యెడల వాణిజ్య పరిమాణమగును. పదేండ్లకు తక్కువ కాని శిక్ష పడును. మా పిల్లలచేత ఒకసారి లెక్క కట్టించితిమి: 100 గ్రాములనగా పావు మిల్లిగ్రాము మాత్రలు నాలుగు లక్షలు.

ఇచ్చట గ్రహింపవలసిన దేమనగా, ఈ మందు అలవాటైన శరీరము అది లేక నిలువలేదు. హఠాత్తుగా మానిపించినచో చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు, పొంతన లేని మాటలు వచ్చును; కొందరికి మూర్ఛలు వచ్చి ప్రాణముమీదికి తెచ్చును. 2015వ సంవత్సరము సెప్టెంబరులో అధికారులు మందు సరఫరాను అరికట్టగా నిజామాబాదు, మెదకు, మహబూబ్‌నగరము జిల్లాలలో ఇట్టివారు గుంపులుగా ఆసుపత్రులకు వచ్చిరి. హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యాలయము వారితో నిండెను. 2023 ఏప్రిల్ నెలలో మహబూబ్‌నగరపు ప్రభుత్వాసుపత్రిలో మరల అట్టి రోగులను చేర్చవలసివచ్చెను. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

ఇక పటాలములో చేరిన పిల్లవాని సంగతి చూడుడు. శిక్షణ కేంద్రములో కల్లు దుకాణము లేదు. ఇంటివద్ద దినదినమును ఒక సీసా త్రాగిన బాలునికి అచ్చటి రెండవ దినముననో, మూడవ దినముననో వణకు పట్టవచ్చును, మూర్ఛ రావచ్చును. వైద్యుడు ప్రశ్నించును: ఇంతకు ముందు మూర్ఛలు కలవా? ఏమి సేవించెడివాడవు? చేరునప్పుడు ఏమి చెప్పితివి? అప్పుడు ఆరోగ్యదోషమొకటి, చెప్పని దోషమొకటి, రెండును కలిసి మీద పడును. 1954వ సంవత్సరపు సైన్య నియమములలో 13వది, సమర్థుడైన సిపాయి కాజాలడని తోచిన క్రొత్తవానిని సైనిక విచారణ లేకుండనే ఇంటికి పంపు అధికారమును పై యధికారి కిచ్చుచున్నది. 1950వ సంవత్సరపు సైన్య శాసనము 44వ సెక్షను ఇంకను కఠినమైనది. చేర్చుకొను అధికారి అడిగిన ప్రశ్నకు బుద్ధిపూర్వకముగా అబద్ధపు జవాబు చెప్పినట్లు సైనిక న్యాయస్థానమున రుజువైనచో అయిదేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. బుద్ధిపూర్వకముగా అను మాటను మరువరాదు. కుండలో మందున్నదని యెరుగక త్రాగినవాడును, యెరిగియు దాచినవాడును ఆ సెక్షను దృష్టిలో ఒక్కటి కారు.

మూత్రపరీక్ష గూర్చియు ఒక మాట. అల్ప్రాజోలం రక్తమునుండి సగము తగ్గుటకు సుమారు 11 గంటలు పట్టును. దాని జాడ కొన్ని దినములు మూత్రములో నిలుచును. డయాజిపాం చిరకాలము సేవించినవారిలో వారములకొలది నిలువవచ్చును. కనుక మొన్నటి విందులో త్రాగిన కల్లు నేటి పరీక్షలో పలుకవచ్చును. నాకు తెలియదన్న మాట ఆ గాజుసీసాకు వినబడదు.

చెప్పకుండుటవలన కలుగు నష్టమెట్టిదో తెలుపుటకు ఒక తీర్పు నుదాహరింతుము. అది సిపాయిని గూర్చినది కాదు, మా వృత్తిలోని వానిని గూర్చినదే. కేంద్రీయ విద్యాలయములో చేరిన ఒక వ్యాయామోపాధ్యాయుడు తనపై నడచుచున్న కేసును ధృవీకరణ పత్రములో దాచెను. తరువాత ప్రభుత్వమే ఆ కేసును ఉపసంహరించుకొనెను. అయినను 2003లో సుప్రీంకోర్టువారు అతని తొలగింపును సమర్థించిరి. కేసు పోయెను గాని, దాచిన దోషము పోలేదు. ఆ పత్రము ఇంగ్లీషులో నుండుటచే తాను హిందీలో చదివినవాడగుటవలన అర్థము కాలేదని అతడు చెప్పుకొనెను. న్యాయమూర్తులు నమ్మలేదు. తెలుగు మాధ్యమమున చదివి, ఆన్‌లైను కేంద్రములో ఎవరో నింపిన దరఖాస్తుమీద కన్ను మూసి సంతకము చేయు మన పిల్లలు ఈ భాగమును రెండుమార్లు చదువవలెను.

అయితే న్యాయస్థానములు కరుణ లేనివని తలంపరాదు. 2016 జూలై 21వ తేదీన అవతార్ సింగ్ దావాలో ముగ్గురు న్యాయమూర్తులు ఈ విషయమునంతయు సమగ్రముగా విచారించిరి. చిన్నతనమున నినాదములు చేయుటవంటి అల్పదోషమును దాచినను యజమాని క్షమింపవచ్చుననిరి. ప్రశ్న స్పష్టముగా అడుగబడి యుండవలెననియు, అడుగనిదానిని చెప్పలేదని నేరము మోపరాదనియు, ఆ సంగతి అతనికి తెలిసియుండవలెననియు చెప్పిరి. ఆ తీర్పు పోలీసు కేసులను గూర్చినది, మందులను గూర్చినది కాదు. అయినను అందలి వివేకము మన విషయమునకు చక్కగా సరిపడునని మా యభిప్రాయము: అడిగినదానికి నిజము చెప్పవలెను, అడుగనిదానిని కల్పించుకొని చెప్పుకొన నవసరము లేదు. 2022 జూన్ 17వ తేదీన సికింద్రాబాదు రైల్వే స్టేషనులో అల్లరి జరిగిన పిమ్మట, దహనకాండలో పాల్గొనలేదని ప్రతి యభ్యర్థియు వ్రాసి యివ్వవలెననియు, పోలీసు విచారణ తప్పదనియు సైన్యాధికారులు ప్రకటించిరి. కాబట్టి విచారణ అనునది పేరునకు మాత్రమే యని తలచువాడు మోసపోవును.

ఇతర దేశములలోను ఇదియే బాధ. అమెరికా పటాలములో చేరువానిని మాదకద్రవ్యములు వాడితివా యని నేరుగానే అడుగుదురు. దాచి చేరుట అచ్చటి సైనిక శాసనములో ప్రత్యేక నేరము. 2022 నుండి వారి పరీక్షా కేంద్రములలో అభ్యర్థి పాత వైద్యపు చీటీలను కంప్యూటరు ద్వారా తెప్పించి చూచుచుండుటచే, దాచినవి అనేకము బయటపడుచున్నవి. ఆ దేశపు చరిత్రలోనే ఆశ గొలుపు సంగతియు ఒకటి కలదు. 1971లో వియత్నాం యుద్ధమునుండి మరలిన సైనికులను లీ రాబిన్స్ అను విదుషీమణి పరిశీలించెను. అచ్చట హెరాయినునకు దాసులైనవారిలో, ఇల్లు చేరిన మొదటి యేడాదిలో మరల దాసులైనవారు నూటికి అయిదుగురు మాత్రమే. స్థలము మారి, పని మారి, సావాసము మారినచో పట్టు వదలునని దీనివలన తెలియుచున్నది.

కనుక తలిదండ్రులకు మా మనవి. దినదినమును దుకాణపు కల్లు త్రాగు పిల్లవానిని, రేపు ర్యాలీ యున్నదని ఈ రాత్రి హఠాత్తుగా మానిపింపకుడు, అది ప్రమాదము. నెలలు ముందుగానే జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని యొద్దకు తీసికొని పొండు. ఆయన మందును కొలత ప్రకారము మెల్లమెల్లగా తగ్గించి మాన్పించును. పోలీసులు పట్టుకొందురేమో యను భయము కొందరిని ఆసుపత్రికి రానీయకున్నది. మాదకద్రవ్యముల శాసనములోని 64ఏ సెక్షను, వ్యసనపరుడు తానుగా వచ్చి ప్రభుత్వపు ఆసుపత్రిలోగాని, ప్రభుత్వము గుర్తించిన చోటగాని చికిత్స పొందినచో, సేవించిన నేరమునకు విచారణనుండి రక్షణ కల్పించుచున్నది. నడుమ చికిత్స విడిచినవానికి ఆ రక్షణ తొలగింపబడవచ్చును. వైద్యుడిచ్చిన చీటీలను పారవేయక, పదవ తరగతి సర్టిఫికెటుతోపాటు భద్రపరుపుడు. దరఖాస్తు నింపుదినమున మా పాఠశాలకు వచ్చినయెడల, ప్రతి ప్రశ్నను తెలుగులో చదివి అర్థము చెప్పుటకు మా ఉపాధ్యాయులలో ఎవరైనను సిద్ధముగా నుందురు.